జిప్సీ నుంచి ఆఫ్‌రోడ్ పికప్: ఇంటి షెడ్డులో చేసిన పనిపై కేస్ స్టడీ

బండి మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్, ఎంజీ413డబ్ల్యూ. 1298 సీసీ జీ13బీబీ పెట్రోల్ ఇంజిన్, 80 హార్స్‌పవర్, 103 న్యూటన్ మీటర్ల టార్క్. వీల్‌బేస్ 2375 మి.మీ. ముందూ వెనకా గట్టి యాక్సిల్, కమాన్ కట్టలు. గేర్‌బాక్స్‌తో కలవకుండా, చిన్న షాఫ్ట్‌తో విడిగా వేలాడే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజిన్ శక్తిని ముందు వెనక యాక్సిళ్ళకు పంచే గేర్ల పెట్టె. బరువు సుమారు టన్ను. గట్టి యాక్సిళ్ళూ విడి ట్రాన్స్‌ఫర్ కేసూ తక్కువ బరువూ ఒకే బండిలో దొరకడం వల్లే మన దేశంలో ఇంట్లో కూర్చుని ఆఫ్‌రోడ్ బండి కట్టుకోవాలనుకునేవాళ్ళలో చాలామంది జిప్సీ దగ్గరికే వస్తారు.

లక్ష్యం: వెనక బాడీ కోసి చిన్న పికప్ తొట్టి పెట్టడం, 31 అంగుళాల టైర్లతో రాళ్ళలోనూ వర్షాకాలపు బురదలోనూ నెమ్మదిగా, అదుపులో నడిచే బండి తయారుచేయడం. వేగం అవసరం లేదు. ఇంజిన్‌ను తాకలేదు. అది సరైన నిర్ణయమే అని లెక్కలు చూపిస్తాయి.

పని మొదలుపెట్టేముందు ఒక మాట. ఇలా మార్చిన బండిని రోడ్డు మీద నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగానే చదివింది. అందుకే ఈ బండి ట్రైలర్ మీద వెళ్తుంది, సొంత పొలంలోనో పోటీ మైదానంలోనో దిగుతుంది. ట్రైలర్ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. చివర్లో గుర్తొస్తే అప్పటికి డబ్బు అయిపోయి ఉంటుంది.

టైరు దగ్గర మొదలు

చాలామంది లిఫ్ట్‌తో, అంటే చాసిస్ ఎత్తు పెంచడంతో మొదలుపెడతారు. అది తలకిందుల వరస. ముందు టైరు సైజు తేలాలి. లిఫ్ట్, గేర్లు, బ్రేకులు, షాఫ్టుల ఆయుష్షు అన్నీ దాన్నుంచే వస్తాయి.

జిప్సీకి వచ్చే 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మి.మీ. 31×10.5 ఆర్15 వ్యాసం 787 మి.మీ. సగం తేడా, అంటే దాదాపు 60 మి.మీ., యాక్సిల్ మధ్య ఉబ్బుగా ఉండే గేర్ల గూడు, అంటే డిఫరెన్షియల్ హౌసింగ్ కింద కలిసొస్తుంది. 210 ఉన్న గ్రౌండ్ క్లియరెన్స్ 270 అవుతుంది. హౌసింగ్ ఎత్తు పెంచేది టైరొక్కటే. కమాన్లు యాక్సిల్ పైకెక్కించినా, కమాన్ చివరను చాసిస్‌కు కలిపే షాకిల్ పొడవు పెంచినా చాసిస్ లేస్తుంది కానీ హౌసింగ్ ఉన్నచోటే ఉంటుంది. ఒక్క అంగుళం పెద్ద టైరు కోసం నాలుగంగుళాల లిఫ్ట్ వేసినవాళ్ళ బండి రాయి మీద హౌసింగ్ ఆనించుకుని ఆగిపోవడం ఇందుకే.

31 దాటి 33కి ఎందుకు పోలేదంటే, జిప్సీ ముందు యాక్సిల్ చివర ఉండే, స్టీరింగ్ తిరిగినా చక్రానికి శక్తి అందించే బర్‌ఫీల్డ్ జాయింట్ అంత బరువు మోయడానికి చేసినది కాదు. 31తోనే అది హద్దు దగ్గర ఉంటుంది. నల్లరేగడి నేలల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ మట్టి టైరు గాళ్ళలో నిండి గట్టిపడుతుంది, ఆ తర్వాత టైరు నున్నటి డ్రమ్ములా తిరుగుతుంది. దగ్గరదగ్గర గాళ్ళున్న ఆల్ టెరైన్ టైరు ఎంత పెద్దదైనా అక్కడ పనికిరాదు. వెడల్పు గాళ్ళున్న మడ్ టెరైన్ తప్పనిసరి.

రిమ్ములు 15×7, స్టీలువి. జిప్సీ పీసీడీ, అంటే చక్రం బోల్టుల సంఖ్యా అవి కూర్చునే వలయం వ్యాసమూ, 5×139.7. ఆఫ్‌సెట్ బయటికి తీసుకుంటే, అంటే చక్రం బయటికి జరిగే రిమ్ము తీసుకుంటే, ట్రాక్ (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) పెరిగి బండి నిలకడ బాగుపడుతుంది, కానీ వీల్ బేరింగుల మీదా స్టీరింగ్ తిరిగే ఇరుసైన కింగ్‌పిన్ బేరింగుల మీదా మీట ఒత్తిడి పెరుగుతుంది. ఈ బండిలో ఒక్కో వైపు 45 మి.మీ. దగ్గర ఆపాం. హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే స్పేసర్లు వాడలేదు.

గేర్ల లెక్క

పెద్ద టైరు గేరింగ్‌ను దొంగిలిస్తుంది. 787ని 668తో భాగిస్తే 1.178, అంటే అన్ని గేర్లూ దాదాపు 18 శాతం పొడవవుతాయి. ఈ బండి యాక్సిల్ లోపలి జత గేర్లలో పెద్దది క్రౌన్ 43 పళ్ళు, చిన్నది పినియన్ 11. అంటే 3.909. ఫస్ట్ గేర్ 3.652, ట్రాన్స్‌ఫర్ కేసులో నెమ్మది నడకకు ఉండే ‘లో రేంజ్’ 2.268. మూడూ గుణిస్తే 32.4. కొత్త టైరుతో దీని విలువ 27.5కి పడిపోతుంది. జిప్సీలో మామూలు నడకకు వాడే హై రేంజ్ కూడా 1:1 కాదు, 1.409. వేరే బండ్ల అలవాటుతో లెక్క వేసేవాళ్ళు ఇక్కడ తప్పుతారు.

దీనికి మందు క్రౌన్ పినియన్ మార్చడం కాదు. రెండు యాక్సిళ్ళకూ వేయాలి, ఖర్చు రెట్టింపు. పైగా నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ సన్నబడుతుంది. జిప్సీకి విదేశాల్లో అన్నదమ్ముల్లాంటి సమురాయ్, ఎస్‌జే413 బండ్ల కోసం దొరికే 4.16 లో రేంజ్ గేర్ సెట్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసులోనే కూర్చుంటుంది. 3.652 × 4.16 × 3.909 = 59.4. టైరు నష్టం తీసేసినా 50 పైన.

ఇది నేల మీద ఎలా ఉంటుందో చూద్దాం. 31 టైరు బరువు మీద ఒక చుట్టుకు సుమారు 2.4 మీటర్లు కదులుతుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర పాత లో రేంజ్‌లో గంటకు దాదాపు 4.5 కిలోమీటర్లు. కొత్తదానిలో 2.4. మనిషి పక్కన నడుస్తూ చక్రం ఎక్కడ పెట్టాలో చెప్పగలిగే వేగం అది. క్లచ్ సగం తొక్కి రాయి ఎక్కించాల్సిన అవసరం పోతుంది. ఆఫ్‌రోడ్‌లో కాలిపోయే క్లచ్ ప్లేట్లలో ఎక్కువ భాగం శక్తి చాలక కాలినవి కావు, గేరింగ్ చాలక కాలినవి.

కిట్ వేసేటప్పుడు కేసు పూర్తిగా విప్పుతారు కాబట్టి బేరింగులు, సీళ్ళు, నీడిల్ రోలర్లు కొత్తవి వేయాలి. కొన్ని కిట్లకు కేసు లోపల కొద్దిగా గ్రైండింగ్ కావాలి. అల్యూమినియం పొడి మూలల్లో ఉండిపోతుంది, డీజిల్‌తో రెండుసార్లు కడిగి గాలి కొట్టాలి. ఆయిల్ 0.8 లీటరే పడుతుంది. అంత తక్కువ ఆయిల్‌లో కొంచెం పొడి కూడా బేరింగును తినేస్తుంది.

అసలు సమస్య మౌంట్ల దగ్గర వస్తుంది. 103 న్యూటన్ మీటర్ల ఇంజిన్ టార్క్ ఫస్ట్ గేర్లో 376 అవుతుంది. పాత లో రేంజ్‌లో ట్రాన్స్‌ఫర్ బయటికి 853 వచ్చేది, ఇప్పుడు 1565 వస్తుంది. కేసు మాత్రం అవే మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతోంది. గేర్లు మార్చి మౌంట్లు వదిలేస్తే, కేసు మెలితిరిగి రబ్బరు చినుగుతుంది లేదా మౌంట్ చెయ్యి విరుగుతుంది. ఇక్కడ కేసు కింద 6 మి.మీ. ప్లేటుతో ఒక అదనపు చెయ్యి కట్టి, చాసిస్ క్రాస్ మెంబర్‌కు పాలీయూరితేన్ బుష్ మీద బిగించాం. పూర్తిగా గట్టిగా, రబ్బరు లేకుండా బిగించకూడదు. చాసిస్ మెలి తిరిగినప్పుడు ఆ మెలి కేసు చెవులకు చేరి అవి పగులుతాయి.

కమాన్లు పైకి

జిప్సీలో కమాన్ కట్ట యాక్సిల్ కింద ఉంటుంది. దాన్ని యాక్సిల్ పైకి మారిస్తే చాసిస్ 130 మి.మీ. వరకు లేస్తుంది. 31 టైరుకు అంత అక్కర్లేదు. ఫెండర్లు కోస్తే 90 చాలు. అందుకే ముందు కట్టలోంచి ఒకటి, వెనక కట్టలోంచి రెండు పట్టీలు తీసేశాం. ప్రధాన పట్టీనీ దాని కిందిదానినీ ఎప్పుడూ ముట్టకూడదు. పట్టీ తగ్గితే కట్ట మెత్తబడుతుంది, చక్రం ఎక్కువ కిందికి దిగుతుంది, తొట్టి ఖాళీగా ఉండే పికప్‌కు అది లాభమే. నష్టం తర్వాత చెప్తాను.

ఎత్తు మీద పిసినారితనం ఎందుకంటే, బరువు కేంద్రం 600 మి.మీ. దగ్గర, ట్రాక్ 1300 అనుకుంటే నిలిచి ఉన్న బండి పక్కకు బోల్తా పడే కోణం 47 డిగ్రీల చుట్టూ ఉంటుంది. టైరు, 90 లిఫ్ట్, పెరిగిన ట్రాక్ కలిపి అది 43-44కి వస్తుంది. 130 ఉంచుకుంటే ఇంకో డిగ్రీ పైన పోతుంది. ఇవి కాగితం లెక్కలు. కదిలే బండిలో కమాన్లు ఒరుగుతాయి, టైరు మడుస్తుంది, అసలు హద్దు దీనికంటే చాలా ముందే వస్తుంది.

ఇక కూర్చోబెట్టే పని. కమాన్ కట్ట ఆనే పాత సీట్లు యాక్సిల్ కింద అలాగే ఉంటాయి, పైన కొత్తవి వెల్డ్ చేయాలి. 6 మి.మీ. మైల్డ్ స్టీల్ ప్లేటు, కమాన్ వెడల్పుకు సరిపోయేలా, 110 మి.మీ. పొడవు. కింద యాక్సిల్ ట్యూబు గుండ్రానికి తగినట్టు రెండు పక్కల గోడలు. సెంటర్ బోల్టు తల కూర్చునే రంధ్రం వదులుగా ఉండకూడదు, అర మిల్లీమీటరు వదులున్నా యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వెల్డ్ చేసేముందు రెండు సీట్లనూ ఒకే 50×50 యాంగిల్‌కు బోల్టులతో బిగించి, రెండూ ఒకే తలంలో ఉన్నాయని చూసుకుని, అప్పుడు ట్యూబు మీద పెట్టాలి. విడివిడిగా కొలిచి పెడితే ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తుంది, కట్ట ఒకవైపు మెలిపడి బుష్‌లు త్వరగా పోతాయి.

వెల్డింగ్‌కు ఇంట్లో ఉండే 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మెషిన్ చాలు. సింగిల్ ఫేజ్ మీద నడుస్తుంది కానీ మామూలు 15 ఆంపియర్ల సాకెట్ మీద కాదు, విడిగా 32 ఆంపియర్ల ఎంసీబీ, మందపాటి వైరు కావాలి. 3.15 మి.మీ. 7018 రాడ్లు, 110 నుంచి 125 ఆంపియర్లు. గేటు పని చేసే 6013 రాడ్డు యాక్సిల్‌కు వద్దు. 7018 తేమ పీలుస్తుంది, కోస్తాలో అయితే మరీ త్వరగా. ప్యాకెట్ విప్పి ఉన్న రాడ్లను 300 డిగ్రీల పైన గంటసేపు కాల్చి వాడాలి. లేకపోతే పైకి అందంగా కనబడే వెల్డ్ గీత లోపల చిల్లులు పడి ఉంటుంది.

యాక్సిల్ ట్యూబును ఒకే వైపు ఏకబిగిన వెల్డ్ చేస్తే అరటికాయలా వంగుతుంది. 25-30 మి.మీ. చొప్పున, ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి, కుడివైపు సీటుకు ఒకటి, ఎడమవైపు సీటుకు ఒకటి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతిది. నీళ్ళు పోయకూడదు. మొత్తం అయ్యాక యాక్సిల్ షాఫ్ట్ చేత్తో నెడితే ఎక్కడా పట్టకుండా లోపలి పళ్ళ గాళ్ళలోకి, అంటే స్ప్లైన్‌లోకి దిగాలి. పడితే ట్యూబు వంగినట్టే. ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే, అదే ట్యూబు మీద పెట్టాలి. దూరంగా చాసిస్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద మచ్చలు పడతాయి. బ్యాటరీ, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) కనెక్టర్లు ముందే తీసేయాలి.

యూ బోల్టులు కొత్తవే. పాతవి పొడవు సరిపోయినా మళ్ళీ వాడకూడదు, ఒకసారి సాగిన బోల్టు రెండోసారి బిగువు నిలబెట్టదు. ఈ బండికి 12 మి.మీ.వి చేయించి, 80 న్యూటన్ మీటర్ల వరకు క్రాస్‌గా బిగించాం.

పినియన్ కోణం, కాస్టర్

పై పని రెండు మూడు రోజుల వెల్డింగ్‌లా కనిపిస్తుంది. అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. చాసిస్ లేచింది, ట్రాన్స్‌ఫర్ కేస్ దానితో లేచింది, హౌసింగ్ కిందే ఉంది. ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలవుతుంది. 700 మి.మీ. షాఫ్ట్ అనుకుంటే 90 మి.మీ. లిఫ్ట్‌కు అదనంగా 7 డిగ్రీలు, 130కి పదిన్నర.

వెనక షాఫ్ట్‌కు రెండు చివరలా ఒక్కో క్రాస్, అంటే కోణంలోనూ తిరిగే జాయింట్ ఉంది. అలాంటి షాఫ్ట్ వణకకుండా తిరగాలంటే ట్రాన్స్‌ఫర్ ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ సమాంతరంగా ఉండాలి. పినియన్‌ను షాఫ్ట్ వైపు ఎత్తి చూపించడం డబుల్ జాయింట్ ఉన్న షాఫ్ట్‌కే సరైనది. దీనికి అలా చేస్తే కింది క్రాస్ దాదాపు సూటిగా, పైది ఏటవాలుగా తిరిగి, వేగం పెరగగానే బండంతా గొణుగుతుంది. వెనక యాక్సిల్ మీది కమాన్ సీట్లు వెల్డ్ చేసేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద, పూర్తి బరువుతో నిలబెట్టి, ట్రాన్స్‌ఫర్ ఫ్లాంజ్ మీద డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టి చదవాలి. పినియన్‌ను దానికంటే ఒక డిగ్రీ కిందికి చూపేలా టాక్ (తాత్కాలిక చిన్న వెల్డ్) వేయాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ పైకి లేస్తుంది కాబట్టి ఆ డిగ్రీ వదిలేది. జాక్ మీద వేలాడుతున్న బండికి ఈ కోణం తీస్తే మొత్తం తప్పవుతుంది.

ముందు యాక్సిల్‌లో ఆ స్వేచ్ఛ లేదు. స్టీరింగ్ తిరిగే చివరలు ట్యూబుకే వెల్డ్ అయి ఉంటాయి. పినియన్ ఎంత ఎత్తితే కాస్టర్, అంటే కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం, అంత పోతుంది. కాస్టర్ మూడున్నర డిగ్రీల దగ్గర ఉండాల్సింది సున్నాకి దగ్గరైతే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, గుంత తగిలితే ముందు చక్రాలు వణకడం మొదలుపెడతాయి. అందుకే ముందు కాస్టర్‌కే ఓటు. సీట్లు అసలు కాస్టర్ నిలిచేలా వెల్డ్ చేసి, షాఫ్ట్ కోణాన్ని భరించాం. ముందు షాఫ్ట్ ఫోర్ వీల్ వేసినప్పుడే, అదీ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వణుకు పెద్ద సమస్య కాదు. షాఫ్ట్ చివరి చీలిక భాగం, అంటే యోక్, క్రాస్‌కు తగిలి విరగడం సమస్య. చాసిస్ ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడదీసి, షాఫ్ట్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడ తగులుతుందో సుద్దతో గుర్తు పెట్టి అక్కడ మాత్రమే రెండు మూడు మిల్లీమీటర్లు గ్రైండ్ చేయాలి.

అదే స్థితిలో, షాఫ్ట్ పొడవు మారేందుకు జారే స్లిప్ యోక్ కూడా చూడాలి. చక్రాలు పూర్తిగా దిగినప్పుడు స్ప్లైన్ కనీసం 40 మి.మీ. లోపల ఉండాలి, పూర్తిగా నొక్కుకున్నప్పుడు చివర తగలకుండా 20 మిగలాలి. లేకపోతే లేత్ షాపులో ట్యూబు కోసి పొడిగించాలి. రెండు యోక్‌ల చెవులు ఒకే గీతలో ఉండేలా కోసేముందే గీత గీసుకోవాలి. లేత్ వాళ్ళు చాలామంది దీన్ని పట్టించుకోరు, అడిగి చేయించుకోవాలి.

పట్టీలు తీసిన నష్టం ఇప్పుడు. కట్ట యాక్సిల్ పైన ఉన్నప్పుడు, అదీ మెత్తగా ఉన్నప్పుడు, టార్క్‌కు యాక్సిల్ మెలితిరిగి కట్ట ఎస్ ఆకారంలోకి వంగుతుంది. వదలగానే ఎగిరి వెనక్కి వస్తుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు వెనక చక్రాలు గుర్రంలా ఎగరడం, క్రాస్‌లు విరగడం దీనివల్లే. యాక్సిల్ మెలి తిరగకుండా ఆపే ట్రాక్షన్ బార్ తప్పదు. 38 మి.మీ. పైపు, హౌసింగ్ దగ్గర పైనా కిందా రెండు బుష్‌లు, ముందు చివర చాసిస్‌కు నేరుగా కాకుండా చిన్న షాకిల్ మీద. నేరుగా బిగిస్తే కమాన్ కదలికకూ బార్ కదలికకూ పొంతన కుదరక సస్పెన్షన్ బిగుసుకుంటుంది.

స్టీరింగ్: రాజీ లేని చోటు

లిఫ్ట్ వల్ల స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ, అంటే డ్రాగ్ లింక్, ఏటవాలవుతుంది. చక్రం పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంది. స్టీరింగ్ బాక్స్ నుంచి ఆ కడ్డీని కదిపే చెయ్యి, అంటే పిట్‌మన్ ఆర్మ్, కిందికి వంచినది వేయడం సులువైన దారి, కానీ స్టీరింగ్ బాక్స్ షాఫ్ట్ మీద మీట ఒత్తిడి పెరిగి బాక్స్ బిగించిన చాసిస్ చోట పగుళ్ళు వస్తాయి. మంచి దారి ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్‌ను, డ్రాగ్ లింక్‌ను చక్రాన్ని తిప్పే నకిల్ చేతుల పైకి ఎక్కించడం. చేతి రంధ్రం కిందివైపు టేపర్‌గా ఉంటుంది, దాన్ని పైనుంచి బాల్ జాయింట్ కొలతకు సరిపోయే టేపర్ రీమర్‌తో తీయాలి. డ్రిల్లుతో పెద్దది చేసి వాషర్ పెట్టి బిగించడం ఆత్మహత్యతో సమానం. టై రాడ్‌కు సీమ్‌లెస్ పైపు, 32 మి.మీ. బయటి వ్యాసం, 5 మి.మీ. మందం, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర.

నకిల్ చేతులను, పిట్‌మన్ ఆర్మ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వేడిచేసి వంచకూడదు, వెల్డ్ చేయకూడదు. ఫోర్జింగ్ భాగాలవి. బయటికి కనబడని పగులు మొదలై, అనుకోని రోజు ఊడుతుంది.

స్టీరింగ్ బాక్స్ ఉన్నచోట చాసిస్ బయటి గోడకు 4 మి.మీ. ప్లేటు వేశాం. ప్లేటు అంచులు చతురస్రంగా కాక చేప తోకలా కోసి ఉండాలి, వెల్డ్ చాసిస్ పై అంచుకూ కింది అంచుకూ అడ్డంగా పోకూడదు. అలా పోతే పగులు ప్లేటు అంచునే మొదలవుతుంది. బోల్టులు చాసిస్ బాక్స్ గుండా పోయేచోట లోపల స్లీవ్ పైపు వేయకపోతే, బిగించేకొద్దీ చాసిస్ నలుగుతుంది.

బ్రేకులు, షాకులు

టైరు వ్యాసార్థం పెరిగితే అదే పెడల్ నొక్కుడుకు నేల దగ్గర దొరికే బ్రేకు 15 శాతం తగ్గుతుంది. తక్కువ గేరింగ్ ఉన్న బండి కాబట్టి దిగుడులో ఇంజినే పట్టుకుంటుంది, బ్రేకు పని సగం తగ్గుతుంది. కానీ డిస్కులు, ప్యాడ్లు, వెనక సిలిండర్లు కొత్తవే ఉండాలి. హోస్‌లు పాతవాటికంటే 120 మి.మీ. ఎక్కువ పొడవువి. హోస్ లాగుకుపోకుండా ఉందో లేదో చక్రం పూర్తిగా దిగి, స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు చూడాలి. నేరుగా నిలబెట్టి చూస్తే అన్నీ సరిపోతాయి.

షాక్ అబ్జార్బర్ల పొడవు కూడా అప్పుడే కొలవాలి. కట్ట పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాప్ ముందు తగలాలి, షాక్‌లో ఇంకా 25 మి.మీ. మిగిలి ఉండాలి. పెద్ద షాకిళ్ళు వేయలేదు. ముందు కాస్టర్ పాడుచేస్తాయి, ఎత్తుకు ఇచ్చేది స్వల్పం.

లాకర్, షాఫ్టులు

వెనక రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్ లాక్ కావాలి. దారి మీద నడవని బండి కాబట్టి డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ గేర్లు వెల్డ్ చేసే చవకదారి కుదురుతుంది. తేమ, నూనె పూర్తిగా పోయేలా కడిగి, గేర్లను 200 డిగ్రీలకు వేడిచేసి, 312 స్టెయిన్‌లెస్ రాడ్డుతో వెల్డ్ చేసి, పొడి సున్నంలో పాతి రాత్రంతా నెమ్మదిగా చల్లార్చాలి. చల్లటి గేరు మీద వెల్డ్ చేస్తే అది గాజులా పగిలి ముక్క క్రౌన్‌లో పడుతుంది, హౌసింగ్ మొత్తం పోతుంది. డబ్బు ఉంటే రెడీమేడ్ ఆటోమేటిక్ లాకరే మేలు.

ముందు డిఫరెన్షియల్ ఓపెన్‌గానే వదిలేశాం. ముందు లాక్ చేస్తే, స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉండి రివర్స్‌లో లాగినప్పుడు బర్‌ఫీల్డ్ పగలడం దాదాపు ఖాయం.

షాఫ్టులు ఎందుకు విరుగుతాయో లెక్కతో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. యాక్సిల్ దగ్గర కాగితం మీద టార్క్ 6100 న్యూటన్ మీటర్లు. వెనక యాక్సిల్ మీద 600 కిలోల బరువు, మంచి పట్టు 0.8 అనుకున్నా టైరు జారకుండా తీసుకోగలిగేది 1900 కూడా ఉండదు. అంటే మామూలుగా టైరు ముందు జారుతుంది, షాఫ్ట్ బతుకుతుంది. విరిగేది గాలిలో గిరగిరా తిరుగుతున్న చక్రం హఠాత్తుగా రాయి పట్టుకున్నప్పుడు. తక్కువ గేరింగ్ షాఫ్టులను కాపాడుతుందని చెప్పడానికి కారణం ఇదే. చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే ఆ దెబ్బ ఉండదు.

బాడీ, కేజ్

ముందు సీట్ల వెనక బాడీ కోసి, 1.2 మి.మీ. షీటుతో క్యాబ్ వెనక గోడ కట్టాం. చాసిస్ తోక 300 మి.మీ. తగ్గించి, చివర్లో బాక్స్ క్రాస్ మెంబర్ వెల్డ్ చేశాం. వెల్డింగ్‌కు ముందు పెట్రోల్ ట్యాంక్ బండి నుంచి, షెడ్డు నుంచి కూడా బయటికి వెళ్ళాలి. తోక పోయాక పాత ట్యాంక్‌కు చోటుండదు కాబట్టి, తొట్టిలో క్యాబ్ గోడకు ఆనించి, లోపల అడ్డుగోడలున్న 35 లీటర్ల అల్యూమినియం ట్యాంక్. అడ్డుగోడలు లేకపోతే ఏటవాలులో పంపు గాలి పీల్చి ఇంజిన్ ఆగిపోతుంది, అదీ సరిగ్గా ఆగకూడని చోట. తొట్టికి 25×25×2 చదరపు ట్యూబు, మీద 3 మి.మీ. అల్యూమినియం చెకర్డ్ ప్లేటు, చదరపు మీటరుకు 8 కిలోల పైన. అదే మందం ఇనుప చెకర్డ్ అయితే 25 దగ్గర.

బోల్తా పడితే మనుషులను కాపాడే పైపుల చట్రం, అంటే రోల్ కేజ్ విషయంలో మోటారు పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ నియమావళిలోని అపెండిక్స్ జే కొలతలు పట్టుకుంటే వాదన ఉండదు. సీట్ల వెనక నిలిచే మెయిన్ హూప్ 45×2.5 మి.మీ. సీమ్‌లెస్ కోల్డ్ డ్రాన్ పైపు, మిగతావి 38×2.5. మీటరుకు 2.6, 2.2 కిలోలు. ఆరు కాళ్ళ కేజ్ మొత్తం 45 కిలోల చుట్టూ వస్తుంది. ప్రతి కాలు కింద 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు, కనీసం మూడు 8 మి.మీ. 8.8 గ్రేడ్ బోల్టులు. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి మూడు రెట్లు తగ్గకూడదు. ప్లంబర్ల హైడ్రాలిక్ బెండర్ వంపు దగ్గర పైపును చప్పిడి చేస్తుంది, బోల్తా పడ్డప్పుడు అక్కడే మడుస్తుంది. జీఐ నీళ్ళ పైపు అసలు వద్దు. అతుకు చీలుతుంది, జింక్ పొగ వెల్డర్ ఊపిరితిత్తులకు చేటు.

విన్చ్, నీళ్ళు

నింపిన బరువు 1250 కిలోలు. దానికి ఒకటిన్నర రెట్లు అంటే 1900 కిలోల లాగుడు. బురద పీల్చిన బండికి అది చాలదు, అందుకే 8000 పౌండ్ల (సుమారు 3600 కిలోల) విన్చ్, అంటే తాడు చుట్టి బండిని లాగే మోటారు. పేరు మీద రాసిన బలం డ్రమ్ము మీద తాడు మొదటి పొరలో ఉన్నప్పుడే. పూర్తి బరువులో 350 ఆంపియర్ల పైన లాగుతుంది, కాబట్టి ఇంజిన్ నడుస్తూ ఉండాలి, బ్యాటరీ నుంచి వచ్చే వైరు 35 చదరపు మి.మీ. తగ్గకూడదు, మధ్యలో కరెంటు తెంచే ఐసొలేటర్ చేతికందేలా ఉండాలి. బరువు తగ్గించడానికి స్టీల్ తాడు బదులు 10 మి.మీ. సింథటిక్.

రెండు హౌసింగుల, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ గాలి రంధ్రాలకు (బ్రీదర్లకు) 8 మి.మీ. గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకు తీసుకెళ్ళాలి. వేడిగా ఉన్న హౌసింగ్ నీళ్ళలో దిగితే చల్లబడి, సీళ్ళ గుండా నీళ్ళు పీలుస్తుంది. మర్నాడు డ్రెయిన్ ప్లగ్ విప్పితే పాలలాంటి ఆయిల్ వస్తుంది. ముందు హౌసింగ్‌కు 2 లీటర్లు, వెనకకు 1.5 లీటర్లు, 80డబ్ల్యూ-90 జీఎల్-5. ఇంజిన్‌కు గాలిని ఎత్తునుంచి తెచ్చే గొట్టం, అంటే స్నార్కెల్ అతుకులు సరిగ్గా ఉన్నాయో తెలుసుకోవడం సులువు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్నార్కెల్ నోటికి అరచెయ్యి మూయాలి, ఇంజిన్ ఆగిపోవాలి. నడుస్తూనే ఉంటే ఎక్కడో గాలి వస్తోంది, అక్కడినుంచే నీళ్ళు కూడా వస్తాయి.

మొదటి దింపుడు

వేబ్రిడ్జి మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచాలి. పికప్ చేశాక వెనక తేలికై, ముందు విన్చ్‌తో బరువెక్కి ఉంటుంది. తేడా మరీ ఎక్కువైతే బ్యాటరీ, స్పేర్ టైరు తొట్టిలోకి మారుతాయి. ఒక చక్రాన్ని రాయి మీదికెక్కించి, ఎదురు మూలది గుంతలోకి దించి, టైరు ఎక్కడ రాసుకుంటుందో చూసి ఫెండర్ అప్పుడు కోయాలి. ముందే కోస్తే తప్పుచోట కోస్తారు.

టైరు గాలి 14 పీఎస్ఐతో మొదలు. టైరు అంచును బిగించి పట్టే బీడ్‌లాక్ లేని రిమ్ములు కాబట్టి 10కి కిందికి పోకూడదు, పక్క ఏటవాలులో టైరు రిమ్ము నుంచి జారిపోతుంది.

మొదటి రెండు గంటల తర్వాత యూ బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి, కొత్త సీట్ల మీద కట్ట అణిగి బిగువు పోయి ఉంటుంది. ట్రాక్షన్ బార్ బుష్, ట్రాన్స్‌ఫర్ అదనపు చెయ్యి, పిట్‌మన్ నట్ చూడాలి. కింగ్‌పిన్ బేరింగుల్లో ఆట తెలుసుకోవడానికి చక్రాన్ని ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదిలితే ముందు వీల్ బేరింగ్ బిగించి మళ్ళీ చూడాలి, అయినా కదిలితే కింగ్‌పిన్ దగ్గరి పలుచటి షిమ్ రేకు తగ్గించాలి. వెల్డ్ చేసిన వెనక డిఫరెన్షియల్ ఆయిల్‌ను మొదటి రోజు ముగిశాక తీసి, డ్రెయిన్ ప్లగ్ మీద అయస్కాంతం పెట్టి చూడాలి. సన్నటి బూడిద లాంటి పొడి ఉంటే ఫర్వాలేదు. మెరిసే పలుకు ఒక్కటి కనిపించినా హౌసింగ్ విప్పి వెల్డ్ చూసేదాకా బండి కదల్చకూడదు.